పరారుణంలో ఆ ‘రా’ ఎక్కడిది?

(ఎవరి మాట ముందు వారి ఊరి పేరు.)

పర్లాకిమిడి: సైన్స్ డేకి పిల్లలకు ఉపగ్రహాల గురించి చెప్పాలి. 2009లో జపాన్ పంపిన గోసాట్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని, మీథేన్‌ని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) వెలుగుతో ఎలా కొలుస్తుందో. పోతన గారి ‘...కవ్వల నెవ్వం డేకాకృతి వెలుగు’తో మొదలుపెడదామని ఆశ. దాని ముందు ముక్క ఎంతకీ నోటికి రావడం లేదు. పనిలో పని, పరారుణంలో ‘పర’ ఈ ‘అవ్వల’యేనా?

జయపురం: ‘అలోకంబగు పెంజీకటి’. రెండో పాదం చివర ‘పెం’, మూడో పాదం మొదట ‘జీకటి’. అక్కడే అందరికీ తెగుతుంది. ఇక పర అంటే అవతల, అరుణం అంటే ఎరుపు. సవర్ణదీర్ఘం, అంతే.

గుణుపురం: అంతే ఎలా అవుతుందండీ? పరాభవంలోని ‘పరా’ ఉపసర్గ పెట్టినా పరారుణమే వస్తుంది. ఆ ‘రా’ రెండు వైపులా పలుకుతుంది.

జయపురం: ఆ ‘పరా’కి వెనక్కి, దూరంగా అని అర్థం మాస్టారూ. ఇది పరలోకంలోని పరే.

రాయగడ: మా అమ్మాయి ఒడియా పుస్తకంలో ‘అవలోహిత’ అని ఉంది. అవ అంటే కింద కదా. మరి ఎవరిది రైటు?

పర్లాకిమిడి: రెండూ రైటేనమ్మా. తరంగదైర్ఘ్యంలో ఎరుపును దాటింది, పౌనఃపున్యంలో ఎరుపుకి కిందిది. గోసాట్ 1.6, 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర చూస్తుంది. నేలను తాకి పైకి వెళ్లే ఎండలో కార్బన్ డయాక్సైడ్ మింగేసిన చోట్ల సన్నని నల్ల గీతలు పడతాయి. గీత ఎంత ముదిరితే వాయువు అంత ఎక్కువ. వెలుగు ఎంత దారి నడిచిందో 0.76 దగ్గరి ఆక్సిజన్ గీతలు చెబుతాయి. ఎండ కావాలి కాబట్టి ఈ పద్ధతి రాత్రి పనికిరాదు. 15 మైక్రాన్ల దగ్గరైతే భూమి తన వేడితో తనే వెలుగుతుంది, రాత్రీ చూడొచ్చు. కానీ నేలకి దగ్గరి గాలి సంగతి అక్కడ సరిగా తెలియదు.

బరంపురం: గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉన్నారు, పిల్లలకి ‘ఎరుపవతలి వెలుగు’ అనండి, చాలు. నాకు మాత్రం ‘అలోకం’ మీదే మనసు. లోక్ ధాతువుకి చూడడం అనే అర్థం ఉంది. కంటికి ఆననిది అలోకం అనుకుంటే మీ ఉపగ్రహానికి ఇంతకంటే మంచి పద్యం దొరకదు.

జయపురం: లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని వరసగా అన్నాక అలోకం అంటే లోకం లేనిదే. చూపును అందులోకి లాగకండి.

బరంపురం: పోతన గారు ఒక్క అర్థంతో ఆగే మనిషా?

గుణుపురం: అది సరే, నా ‘రా’కి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.