మర్టిల్ బీచ్‌లో గోల్ఫ్ కాలనీ ఇల్లు: బైరాగిపట్టెడ వదిలి అక్కడ ఉండగలమా?

బైరాగిపట్టెడ మాస్టారు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనాను. నాకు 67, మా ఆవిడకు 62. మా అబ్బాయి అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం, మర్టిల్ బీచ్ దగ్గర పోయినేడు ఇల్లు కొన్నాడు. ఇంటి వెనకాలే గోల్ఫ్ కోర్సు, ఒక చెరువు. సముద్రానికి కారులో పావుగంట. గ్రీన్‌కార్డుకు పెట్టేస్తాను, ఇద్దరూ వచ్చేయండి, ఇక్కడ మంచు గించు ఉండదు, మన ఊరి వాతావరణమే అంటా ఉన్నాడు.

నాకు తెల్లవారుజామున లేచి కపిలతీర్థం దాకా నడిచి రావడం ముప్పై ఏళ్ళ అలవాటు. మా ఆవిడ శుక్రవారం వస్తే తిరుచానూరు పోకుండా ఉండదు. ఆటో ఎక్కితే అయిపోతుంది, నన్ను కూడా అడగదు. ఉన్నది ఒక్క కొడుకు, వాడి మాట కాదనలేను. అక్కడ కాపురమున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. తుఫాన్లు కూడా వస్తాయంట కదా. 2021 నవంబరు వానలకు లక్ష్మీపురంలో మా చెల్లెలి ఇంట్లోకి మోకాళ్ళ పైకి నీళ్ళొచ్చినాయి. ఆ రాత్రి తర్వాత మా ఆవిడ తుఫాను మాట వింటేనే భయపడుతుంది.

రేణిగుంట తమ్ముడు:
సార్, నేను షార్లెట్‌లో ఉంటాను, అక్కడికి కారులో నాలుగు గంటల లోపే. ప్రతి వేసవికీ పోతాం. అరవై మైళ్ళ పొడుగున ఇసుక తీరం, చుట్టుపక్కల తొంభై దాకా గోల్ఫ్ కోర్సులు. పెద్దవాళ్ళకు ప్రశాంతంగా ఉంటుంది. ఆలోచించకుండా రండి సార్.

చిత్తూరు కోడలు:
తమ్ముడూ, నాలుగు రోజులు బీచికి వచ్చిపోయేది వేరు, కాపురం వేరు. సార్, నమస్తే. మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. పన్నెండేళ్ళుగా మర్టిల్ బీచ్ దగ్గరే కాన్వే అనే ఊరి వైపు ఒక గోల్ఫ్ కాలనీలో ఉంటున్నాం. మా అత్తమ్మ మాతో ఏడాదిన్నర ఉండి చిత్తూరు వెళ్ళిపోయింది. ఎందుకు పోయిందో చెప్తాను, మీకు పనికొస్తుంది.

ఆమెకు ఇల్లు నచ్చింది, మనవరాలంటే ప్రాణం. కానీ వాకిలి దాటి తనంతట తాను పోయేందుకు చోటు లేదు. కాలనీ లోపల ఎంతసేపైనా నడవొచ్చు. గేటు దాటితే పెద్ద రోడ్డు, పక్కన నడిచే దారి లేదు, ఆటో అన్నమాటే లేదు. గోల్ఫ్ కోర్సు మన పెరట్లోదే అనిపిస్తుంది గానీ ఆట నడిచేటప్పుడు అందులో అడుగు పెట్టనివ్వరు. సాయంత్రం నాలుగైతే చీర మార్చుకుని, జడ వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని గరాజు తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేది, నేను డ్యూటీ దిగి వచ్చేదాకా. ఎక్కడికత్తమ్మా అంటే, "ఎక్కడికైనా సరే, ఒక రౌండు తిప్పుకొని రా" అనేది. చిత్తూరులో ఒక్కతే బజారుకు పోయి ఉర్లగడ్డలు బేరమాడి తెచ్చే మనిషి సార్ ఆమె.

కాలనీ సంఘం ఒకటి ఉంటుంది, హెచ్‌ఓఏ అంటారు. నెలనెలా డబ్బు కట్టాలి, వాళ్ళ నియమాలు పాటించాలి. ఒక మే నెలలో అత్తమ్మ వెనక వరండాలో తెల్ల పంచె పరిచి బియ్యం వడియాలు పెట్టింది. నాలుగో రోజుకు ఫొటోతో సహా ఉత్తరం వచ్చింది, బయట గుడ్డలు ఆరేయకూడదని. ఆ ఫొటోలో వడియాల వరసలు లెక్కపెట్టొచ్చు. ఆమె మళ్ళీ పెట్టలేదు. ఆ ఉత్తరం మీద నాకు ఇప్పటికీ కోపమే.

అబ్బాయి ఇల్లు ఆడే మైదానానికి ఏ పక్కనుందో అడగండి. కుడిచేతివాటం వాళ్ళు సరిగ్గా కొట్టకపోతే బంతి ఎక్కువగా కుడివైపుకు వంకర పోతుంది. కొట్టే చోటు నుంచి రెండు వందల గజాల దూరంలో, కుడిపక్క ఇళ్ళకే దెబ్బలెక్కువ. బంతి 46 గ్రాములు కూడా తూగదు. మా వంటింటి అద్దం పగలగొట్టుకుని వచ్చి సింకులో పడింది, నేను అప్పుడే పక్కకు జరిగినాను. చెరువు గట్టుకు మాత్రం పోవద్దు సార్. ఇక్కడి చెరువుల్లో ఆలిగేటర్లు ఉంటాయి, అదొక జాతి మొసలి.

ఇక తుఫాన్లు. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా వాటి కాలం. సముద్రం దూరంగా ఉందని ధైర్యపడొద్దు. 2018లో ఫ్లారెన్స్ అనే తుఫాను సెప్టెంబరు 14న పక్క రాష్ట్రంలో తీరం దాటింది. గాలి తగ్గింది, ఎండ కాసింది, బతికిపోయినాం అనుకున్నాం. పైనుంచి వాననీళ్ళు దిగి దిగి 26వ తేదీకి కాన్వేలో వక్కమా నది అంతకు ముందెన్నడూ లేనంత ఎత్తుకు వచ్చింది. సముద్రానికి ఆమడ దూరంలో ఉన్న ఇళ్ళు మునిగినాయి. మాది మునగలేదు, మా వెనక వీధి మునిగింది. మామూలు ఇంటి బీమాలో వరద ఉండదు, వేరేగా కట్టుకోవాలి. అది కట్టినా అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు పడుతుంది, తుఫాను వార్త విని పరిగెత్తితే లాభం లేదు. ఇల్లు ఏ వరద జోన్‌లో ఉందో, ఈ బీమా ఉందో లేదో కనుక్కోండి.

నన్నడిగితే గ్రీన్‌కార్డు ఇప్పుడే వద్దు. విజిటర్ వీసా మీద ఆగస్టు ఆఖర్లో వచ్చి ఫిబ్రవరి దాకా ఉండి చూడండి. అబ్బాయి ఏప్రిల్‌లో రమ్మంటాడు, అప్పుడెవరికైనా నచ్చుతుంది. తుఫాను కాలమూ చూడాలి, జనవరి చలీ చూడాలి. కొన్ని రాత్రులు సున్నాకు దిగుతుంది, తిరుపతిలో మీరు అది ఎరగరు. ఉండిపోదామనుకుంటే మాత్రం మీరు కారు నేర్చుకోండి సార్, 67 ఏమంత వయసు కాదు. గోల్ఫ్ కార్టు అని ఆటగాళ్ళు తిరిగే చిన్న బండి ఉంటుంది, అది నడపాలన్నా ఇక్కడ లైసెన్సు కావాలి.

పుత్తూరు అన్న:
మాస్టారూ, రెండు మాటలు. ఇక్కడ ఉద్యోగం చేయని పెద్దవాళ్ళు గ్రీన్‌కార్డుతో వరసగా అయిదేళ్ళు ఉంటేగానీ మెడికేర్, అంటే పెద్దవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, కొనుక్కోలేరు, అదీ 65 నిండినాక. అంతదాకా ప్రైవేటు బీమానే, ఆ ఖర్చు అబ్బాయితో ముందే మాట్లాడుకోండి. రెండోది, కార్డు తీసుకుని ఎక్కువ కాలం తిరుపతిలోనే ఉంటామంటే కుదరదు. ఆరు నెలలు దాటితే విమానాశ్రయంలో ప్రశ్నలు. ముందే రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అనుమతి పత్రం) తీసుకోకుండా ఏడాది దాటితే కార్డు పోయినట్టే.

బైరాగిపట్టెడ మాస్టారు:
అమ్మా, మీ అత్తమ్మ సంగతి మా ఆవిడకు చదివి వినిపించినాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆగస్టులో పోయి చూసొద్దాం అనింది. వరద జోన్ సంగతి రాత్రే ఫోన్ చేసి అడిగినాను, వాడికి తెలియదు, కనుక్కుంటానన్నాడు. మా ఆవిడ ఇంకొకటి అడగమంటా ఉంది: అక్కడ కరివేపాకు చెట్టు బతుకుతుందా?

చిత్తూరు కోడలు:
కుండీలో అయితే బతుకుతుంది సార్. నవంబరు రాగానే ఇంట్లోకి తెచ్చి ఎండ పడే కిటికీ దగ్గర పెట్టాలి. ఆకులన్నీ రాలిపోతాయి, చచ్చిపోయిందని పారేయొద్దని అమ్మతో చెప్పండి, ఏప్రిల్‌లో మళ్ళీ చిగురిస్తుంది. అక్కడి నుంచి ఆకు, మొక్క ఏదీ తేవద్దు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. నా కుండీ అత్తమ్మ పెట్టి పోయిందే. పక్కన పిలకలు వచ్చినాయి, ఒకటి మీకు తీసి పెడతాను.