సమస్య: “చెవులు మూసినవానికే చెవులు వచ్చె”

పెన్నాతీరం (నిర్వాహకుడు):

మిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య తేటగీతి పద్యంలో ఆఖరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

చెవులు మూసినవానికే చెవులు వచ్చె

ఎక్కడ పుట్టిందో చెబుతాను. మా పెద్దబ్బాయి సెన్‌హైజర్ హెచ్‌డీ 600 తెచ్చిచ్చాడు. 1997లో వచ్చిన రకం, కరెంటుకు 300 ఓముల అడ్డు పెట్టేది. వెనకవైపు ఇనుప జాలీ ఉంటుంది. గోడ కట్టిన హెడ్‌ఫోన్ కాదు, కిటికీ పెట్టిన హెడ్‌ఫోన్. మొదట ఫోనుకే నేరుగా తగిలించాను. వాల్యూమ్ చివరిదాకా పెట్టినా గొంతు పక్కింట్లోంచి వస్తున్నట్టే ఉంది. కారణం లెక్కలోనే ఉంది. ఒక వోల్టుకు 32 ఓముల హెడ్‌ఫోన్‌లోకి 31 మిల్లీవాట్లు పోతే, 300 ఓముల దాంట్లోకి పోయేది 3.3 మాత్రమే.

ఒంగోల్లో ఉన్న మా తమ్ముడి కొడుకు పిప్పరమెంటు డబ్బాలో చిన్న యాంప్లిఫయర్ చేసిచ్చాడు. ‘సీమాయ్’ అనే పాత సర్క్యూట్ అట. 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఓపీఏ2134 చిప్పు, ఒక వాల్యూమ్ గుబ్బ, అంతే. అది తగిలించి ఫ్యాను ఆపేశాను. నెల్లూరు ఎండల్లో ఫ్యాను ఆపడమంటే ఏందో మీకు చెప్పక్కర్లేదు, కానీ తిరుగుతా ఉంటే ఆ గాలి చప్పుడంతా జాలీలోంచి లోపలికొస్తుంది. చెమట కణత మీద నుంచి దిగి చెవిదిండు దగ్గర ఆగింది. తంబురా మొదలైంది. ఒక తీగె మోగి, దాని మీద రెండోది పడి, ఆ అడుగున మొదటిది మెల్లగా ఆరిపోవడం వినబడింది. నలభై ఏళ్లుగా వింటున్న కచేరీ. ఆ తీగె ఆరిపోవడం నా చెవిన పడలేదు ఇన్నాళ్లూ. పాదం ఆ క్షణాన వచ్చింది.

పూరణలో మీరు నిజంగా విన్నదే ఉండాలి. గణం (గురు లఘువుల గుంపు) నింపడానికి మాట వెయ్యొద్దు. అవధానంలో పద్యం అల్లుతూనే గంట ఎన్నిసార్లు మోగిందో చెప్పాలి కదా, అలాంటి చెవితో రాయండి.

గట్టుకాపరి:

మాస్టారూ, నేను ఇందుకూరుపేట కాడ రొయ్యల గుంటలకు కాపలా ఉంటా. రాత్రంతా నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరగతానే ఉంటాయి. నాది బేయర్‌డైనమిక్ డీటీ 770, మూసిన రకం, 80 ఓములది. ఫోనుకు బొటనవేలంత డాంగిల్ తగిలించి వింటా.

రొయ్యగుంటల గట్టున రొదల నడుమ
రేయి కావలి కాయగ రెప్ప పడక
వేణువొక్కటి సన్నగా వినగ గోరి
చెవులు మూసినవానికే చెవులు వచ్చె

పెన్నాతీరం:

అబ్బయ్యా, యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ జతపడే అక్షరాలు, చక్కగా కూర్చున్నాయి. రొయ్య–రొదల, రేయి–రెప్ప, వేణువు–వినగ. ‘సన్నగా’ అన్నావే, దానికి నా దండం. ఆ మాట తీసేస్తే పద్యంలో గుంట మాత్రమే మిగులుతుంది, పాట ఉండదు. ఒక్క అనుమానం. ఏరేటర్ మోత పూర్తిగా ఆగుతుందా?

గట్టుకాపరి:

ఆగదు మాస్టారూ. నీళ్లు చిమ్మే ఆ సరసర పోతుంది, మోటారు గుమ్మని అనేది మాత్రం దిండు దాటుకోని వచ్చేస్తుంది. మూసిన హెడ్‌ఫోన్ పైస్వరాలను ఆపినట్టు కిందిస్వరాలను ఆపలేదు. అందుకే మృదంగం రాయలా. గుంట కాడ మృదంగం ఎట్టా తెలుస్తుంది, మోటారులో కలిసిపోతుంది. వేణువు పైన ఉంటుంది కాబట్టి తేలతాది. ఇంకొకటి, దీని దిండ్లు ముఖమల్ గుడ్డవి. మునుపు వేరే కంపెనీది రెగ్జిన్ దిండ్లది ఉండె. మా ఉప్పుగాలికి రెండేళ్లలో పొరలు పొరలుగా ఊడి చెవులకు నల్లగా అంటుకునేది.

పెన్నాతీరం:

మృదంగాన్ని వదిలి వేణువును ఎంచుకున్నావు చూడు, ఆ ఎంపికే ఈ పూరణకు ప్రాణం. ఛందస్సు పుస్తకం చదివితే వచ్చేది కాదది, గట్టు మీద నిలబడితే వచ్చేది.

కందుకూరు ఆడపడుచు:

మాస్టారికి నమస్కారాలు. నాది సోనీ ఎండీఆర్-7506, చుట్టలు చుట్టలుగా తీగ ఉండేది. పాత ల్యాప్‌టాప్‌కు పెడితే పాట వెనక బుస. ఈ మధ్య యూఎస్‌బీకి తగిలించి, దాంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న పెట్టె కొన్నాను.

చిన్నిపెట్టెను తగిలింప చెదరె బుసలు;
పాట చరణాల మధ్యన బాలు పీల్చు
ఊపిరిని గూడ విని మది యుబ్బిపోయె;
చెవులు మూసినవానికే చెవులు వచ్చె!

మూలాపేట వాసి:

అమ్మా, మన బాలు పేరు పద్యంలో చూడగానే నెల్లూరు తిప్పరాజువారి వీధి కళ్ల ముందుకొచ్చింది. 2020లో ఆయన తన ఇంటిని వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. ఆ వీధిన పోతుంటే ఇప్పటికీ నా నడక తగ్గుతుంది. పద్యం దగ్గరికొస్తే ఒక ప్రశ్న. బుస పోవడం పెట్టె వల్లేనా, లేక వాల్యూమ్ పెరిగి పాట బుసను కప్పేసిందా? కాస్త గట్టిగా మోగేది మన చెవికి మేలైనదిగా తోస్తుంది. ఒక డెసిబెల్ తేడా చాలు మనల్ని నమ్మించడానికి.

కందుకూరు ఆడపడుచు:

న్యాయమైన ప్రశ్న అన్నయ్యా. పాట ఆపేసి చూశాను. ల్యాప్‌టాప్ జాక్‌లో పెట్టి మౌస్ కదిలిస్తే సన్నగా కీచుమంటుంది, ఆపితే ఆగుతుంది. పెట్టెలో పెట్టి ఎంత కదిలించినా ఏమీ లేదు. కంప్యూటర్ లోపలి కరెంటు చప్పుడు జాక్‌లోకి పాకుతోంది, పెట్టె బయట ఉంది కాబట్టి దానికి అంటలేదు. ఆ తర్వాత రెండింటి వాల్యూమ్ సమానం చేసి విన్నాను. నిజం చెప్పాలంటే గొంతులో తేడా చాలా కొంచెం. నిశ్శబ్దంలోనే తేడా అంతా. ఊపిరి వినబడింది ఆ నిశ్శబ్దంలోనే.

పెన్నాతీరం:

అమ్మాయ్, ఈ వివరణ పద్యమంత విలువైనది. నేనూ మా డబ్బా యాంప్లిఫయర్‌ను అట్లాగే సమం చేసి విన్నాను. వాల్యూమ్ సమమయ్యాక మొదటిరోజు పొంగు సగం దిగింది. మిగిలిన సగం మాత్రం నిజం. మృదంగం దెబ్బకు బరువు వచ్చింది, ఫోను చేతనైనంత గట్టిగా అరిచినా రాని బరువు.

వ్యాకరణం ఒకటి చూసుకో. ‘పీల్చు’ ఉదంతమైన తద్ధర్మార్థక విశేషణం, అంటే ఉకారంతో ముగిసి ‘పీల్చే’ అనే అర్థమిచ్చే మాట. తర్వాత అచ్చు వస్తే నుగాగమం, అంటే నడుమ నకారం చేరుతుంది. పాదం మారినా సంధి ఆగదు. కాబట్టి ‘పీల్చు / నూపిరిని గూడ’ అని రాయి. యతి చెడదు, అందులోని ఊకారానికి ‘యుబ్బి’లోని ఉకారంతో స్వరయతి నిలుస్తుంది.

మూలాపేట వాసి:

నా వంతు. హెడ్‌ఫోన్ ఊసు లేకుండా ప్రయత్నించాను.

బొటనవేళ్లతో చెవులను పొదివి పట్టి
లోని నాదము వినుచు తా లోకమెల్ల
మరచి కూర్చున్న యోగికి మౌనమందె
చెవులు మూసినవానికే చెవులు వచ్చె

పెన్నాతీరం:

సమస్య ఇచ్చినప్పుడు ఈ దారి నాకు తట్టలేదు. ‘బొటన–పొదివి’ యతి వినసొంపుగా ఉంది. కానీ ‘తా’ ఎందుకు? తీసేసి చదివితే అర్థంలో రవ్వంత తగ్గదు. అది మన చెల్లెలి ల్యాప్‌టాప్ బుస లాంటిదే, మాట ఆగినచోట వినబడుతుంది. ‘లోని నాదము వినుకొంచు లోకమెల్ల’ అంటే సలగణం సరిపోతుంది, బుస పోతుంది. ‘యోగికి’ అని, మళ్లీ ‘వానికే’ అనడం కూడా కొంచెం బరువే. అది మాత్రం ఒప్పుకుంటాను, సమస్య పాదమే అట్లా ఉంది.

రాతిబిడ్డ:

మాస్టారూ, నాకు పద్యం కొత్త. మా నాన్న చీమకుర్తి క్వారీలో ముప్పై ఏళ్లు చేశారు. నల్లరాయి కోసే మిషన్ల దగ్గర మొదటిరోజు నుంచీ చెవులకు మోతను ఆపే మఫ్లు పెట్టుకునేవారు. చిన్నప్పుడు అవి చూసి నాన్న పనిలో పాటలు వింటాడనుకునేదాన్ని. తోటివాళ్లు చాలామందికి ఇప్పుడు గట్టిగా చెప్తేగానీ వినపడదు. నాన్నకు మా బాబు గొణుగుడు కూడా వినపడుతుంది.

చీమకుర్తిలో రాతిని చీల్చువేళ
యంత్రఘోషకు తొలినాడె యడ్డు వెట్టి
ముప్పదేండ్లకు మనుమని పలుకు వినగ
చెవులు మూసినవానికే చెవులు వచ్చె

పెన్నాతీరం:

తల్లీ, ఈ వారానికి భావంలో ఇదే మొదటిది. యతి ఒక్కచోట తప్పింది. మూడో పాదంలో ‘ము’కు ‘ప’ కుదరదు. మామూలుగా మకారమూ, ఉ–ఊ–ఒ–ఓలలో ఒక అచ్చూ కావాలి.

రాతిబిడ్డ:

‘ముప్పదేండ్లకు మనుమని ముద్దు మాట’ అంటే?

పెన్నాతీరం:

యతి కుదిరింది, అన్వయం తెగింది. ‘మాట… చెవులు వచ్చె’ అంటే రెండు కర్తలు తగువులాడుకుంటున్నాయి. ‘వినగ’ ఉండాల్సిందే. ఇట్లా చూడు: ‘మురిసి మనుమని తొలిపల్కు ముదిమి వినగ’.

రాతిబిడ్డ:

చాలా బాగుంది మాస్టారూ. కానీ ‘ముప్పదేండ్లు’ పోయింది. నాన్న అన్నేళ్లు ఆ దుమ్ములో నిలబడ్డారు. ఆ మాట పోతే నాకు మనసు ఒప్పడంలేదు.

గట్టుకాపరి:

చెల్లెమ్మా, మూడో పాదంలో పట్టకపోతే రెండో పాదంలో పెట్టరాదా? ‘తొలినాడె’ తీసెయ్. ‘యంత్రఘోషకు ముప్పదేండ్లడ్డు వెట్టి’. గణాలు చూడండి మాస్టారూ, ‘ముప్పదేం’ రగణం, ‘డ్లడ్డు’ హగణం.

పెన్నాతీరం:

భేష్! ‘ఏండ్లు + అడ్డు’ సంధిలో అకారం ఉంది, మొదటి ‘యం’తో యతి చెల్లుతుంది. నాకు తట్టనిది గట్టు మీద కూర్చున్నవాడికి తట్టింది.

చీమకుర్తిలో రాతిని చీల్చువేళ
యంత్రఘోషకు ముప్పదేండ్లడ్డు వెట్టి
మురిసి మనుమని తొలిపల్కు ముదిమి వినగ
చెవులు మూసినవానికే చెవులు వచ్చె

హెడ్‌ఫోన్ వాడే మనందరం ఈ పద్యం పక్కన ఒక లెక్క రాసుకోవాలి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మోత పెరిగేకొద్దీ గంటలు వేగంగా తగ్గిపోతాయి. గట్టుకాపరీ, నువ్వు రాత్రంతా పెట్టుకుంటావు కాబట్టి నీకే ముఖ్యంగా చెబుతున్నాను. మోటారుతో పోటీపడి వాల్యూమ్ పెంచొద్దు నాయనా.

గట్టుకాపరి:

పెంచను మాస్టారూ. వేణువు సన్నగా ఉంటేనే గదా నా పద్యం నిలబడేది.

రాతిబిడ్డ:

ఇప్పుడే నాన్నకు చదివి వినిపించాను. మామూలుగా కూడా కాదు, బాబు పడుకున్నాడని లోగొంతుకతో. ‘ముప్పదేండ్లు’ దగ్గర చెయ్యెత్తి ఆపి, ఆ పాదం మళ్లీ చదవమన్నారు.