వైల్డ్ రైస్: మడిలో పండించి కంబైన్‌తో కోసినదాన్ని ఆ పేరుతో అమ్మనివ్వాలా?

మిన్నెసోటా_చలి

ఇక్కడ అమెరికాలోని మిన్నెసోటా కిరాణా షాపుల్లో వైల్డ్ రైస్, అంటే నీళ్లలో పెరిగే ఒక గడ్డి గింజ, రెండు రకాలు దొరుకుతుంది. ఒకటి నల్లగా నిగనిగలాడుతుంది, ఉడకడానికి ముప్పావుగంట పడుతుంది. రెండోది బూడిద, గోధుమ రంగులు కలిసి ఉంటుంది, అరగంటలోపే ఉడుకుతుంది, ధర మాత్రం రెట్టింపుకు పైనే. మొదటిది ఇక్కడి మడుల్లోనో కాలిఫోర్నియాలోనో విత్తి మెషీన్‌తో కోసింది. రెండోది ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే వాళ్లు సరస్సుల్లో పడవ మీద వెళ్లి చేత్తో రాల్చుకొచ్చింది. వాళ్లు మనూమిన్ అంటారు. సాగు చేసినదైతే ఆ సంగతి ప్యాకెట్ మీద రాయాలని మిన్నెసోటా చట్టం చెబుతుంది, కానీ అది ఈ రాష్ట్రం వరకే. నన్నడిగితే మడిలో పండినదానికి ఆ పేరే వాడనివ్వకూడదు. మీరేమంటారు?

మాగాణి_రైతుబిడ్డ

నేను ఒప్పుకోను అన్నా. మనం తినే ప్రతి ధాన్యమూ ఒకప్పుడు అడవి గడ్డే. ఎవరో ఒకరు గింజ రాలిపోని మొక్కను ఏరి, దాచి, మళ్లీ విత్తారు కాబట్టే మనకు వరి వచ్చింది. మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు 1960ల్లో చేసిందీ అదే. గింజ పండగానే రాలిపోతే కంబైన్‌తో కోయలేరు, అందుకే రాలని రకాలు తయారుచేశారు. ఇందులో మోసం ఏముంది? ధర తగ్గింది, మామూలు మనుషులూ కొనుక్కోగలుగుతున్నారు.

కొత్త_సభ్యురాలు

చిన్న సందేహం అండీ. ఇది మన నివ్వరి లాంటిదేనా?

మిన్నెసోటా_చలి

కాదండీ, ఇది వేరే జాతి. వరికి దూరపు చుట్టం, నీళ్లలో పెరిగే గడ్డి. ఏటా రాలిన గింజ నుంచే మళ్లీ మొలవాలి.

రైతుబిడ్డ తమ్ముడూ, నువ్వు తప్పు అనుకుంటున్న ఆ రాలడమే అక్కడ అసలు సంగతి. ఆగస్టు చివరా సెప్టెంబరులోనూ కోత. పడవలో ఇద్దరుంటారు. ఒకరు నిలబడి పొడుగాటి గెడతో పడవను నెడతారు. రెండోవారు కూర్చుని, చేతిలోని దేవదారు పుల్లతో కంకులను పడవ మీదికి వంచి, రెండో పుల్లతో అలా నిమిరినట్టు తడతారు. గట్టిగా కొట్టకూడదు. పుల్ల పొడవు 30 అంగుళాలు, బరువు ఒక పౌండు మించకూడదని రాష్ట్ర నిబంధన కూడా ఉంది. పండిన గింజ పడవలో పడుతుంది, పండనిది కంకిలోనే ఉంటుంది, కొంత నీళ్లలో పడి వచ్చే ఏటికి విత్తనమవుతుంది. అందుకే ఒకే చోటికి కొన్ని రోజులు ఆగి మళ్లీ వెళ్తారు. ఏ సరస్సును ఎప్పుడు తెరవాలో చాలాచోట్ల పెద్దలో, వాళ్ల కమిటీలో చూసి చెబుతారు.

తెచ్చాక ఎండబెట్టి, ఇనుప బానలో తెడ్డుతో కలుపుతూ వేయిస్తారు. కొత్త మెత్తటి తోలు చెప్పులు వేసుకుని గుంతలో తొక్కి పొట్టు వదిలిస్తారు. బర్చ్ చెట్టు బెరడుతో కుట్టిన చేటలో చెరుగుతారు. ఆ చేట చేయడం మళ్లీ ఒక పెద్ద పని. ఇంత పనితనం ఉన్న గింజనూ కంబైన్ గింజనూ ఒకే పేరుతో పక్కపక్కన పెడితే, కొనేవాడు చవకైనదే తీసుకుంటాడు. పడవ మీద వెళ్లేవాళ్లు మానేస్తే ఈ పని పిల్లలకు నేర్పేదెవరు?

నేత_ఇల్లు

మాది మగ్గం ఉన్న కుటుంబం. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో జీఐ, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు అనే గుర్తింపు, వచ్చింది. అయినా ఆ డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చేసి పోచంపల్లి పేరుతోనే అమ్ముతున్నారు. చీర తిప్పి చూస్తే తెలిసిపోతుంది, కానీ ఎంతమంది తిప్పి చూస్తారు? పేరు దగ్గర గట్టిగా ఉండాల్సిందే. నా ఓటు చలి గారికే.

మాగాణి_రైతుబిడ్డ

నేతన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఒక సంగతి చూడండి. మిన్నెసోటాలోని రెడ్ లేక్ ఓజిబ్వే వాళ్లు సొంతంగా మడుల్లో వైల్డ్ రైస్ పండించి, సాగు చేసినదని రాసి మరీ అమ్ముతున్నారు. అంటే ఓజిబ్వే వాళ్లందరిదీ ఒకే మాట కాదు. పేరు నిషేధిస్తే వాళ్ల ఆదాయానికీ దెబ్బే. పెద్ద అక్షరాలతో లేబుల్ వేయమనండి, నేనూ ఒప్పుకుంటాను. నిషేధం మాత్రం వద్దు.

రికార్డుల_గది

రెడ్ లేక్ పాయింట్ నిజం, చలి గారు దానికి జవాబు చెప్పాలి. ఇంకో కోణం కూడా ఉంది. 1837 ఒప్పందంలో ఓజిబ్వేలు లేక్ సుపీరియర్‌కు దక్షిణాన ఉన్న భూములు అమెరికాకు ఇచ్చేస్తూ, వేట, చేపలతో పాటు వైల్డ్ రైస్ సేకరించుకునే వీలును ఆ మాటతోనే రాయించుకున్నారు. 1858లో మిన్నెసోటా రాష్ట్రమయ్యాక అది చెల్లదని వాదన వచ్చింది. 1999లో మిల్ లాక్స్ ఓజిబ్వేలు వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో హక్కు ఇంకా ఉందని తేల్చింది. భూమి వదులుకునేటప్పుడు కూడా వదలని గింజ అది. అలాంటిదాన్ని మామూలు సరుకులా చూడటం నాకు కష్టంగా ఉంది.

మిన్నెసోటా_చలి

రెడ్ లేక్ వాళ్లు తమ ధాన్యాన్ని ఎలా పండించుకోవాలో వాళ్ల ఇష్టం. బయటి కంపెనీకి ఆ హక్కు లేదు, నా అభ్యంతరం అక్కడే. ఇక విత్తనం సంగతి. ఈ గడ్డి పుప్పొడి గాలికి పోతుంది. మడి పక్కనే సరస్సు ఉంటే? 1998లోనే మిన్నెసోటా చిప్పెవా ట్రైబ్ (చిప్పెవా అన్నా ఓజిబ్వేలే) అధ్యక్షుడు జన్యు పరిశోధన మీద అభ్యంతరం చెబుతూ యూనివర్సిటీకి లేఖ రాశారు. 2007లో రాష్ట్రం, జన్యుమార్పిడి వైల్డ్ రైస్‌ను వదిలే ముందు పర్యావరణ నివేదిక తప్పనిసరి అని చట్టం చేసింది. ఓజిబ్వేలు అడ్డు పడి ఉండకపోతే ఆ చట్టం కూడా వచ్చేది కాదు.

నీళ్లు కూడా చూడండి. వైల్డ్ రైస్ ఉన్న నీళ్లలో, ఆ మొక్కకు చెరుపు చేసే సల్ఫేట్ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని 1973 నుంచీ ఇక్కడ నియమం ఉంది, గనుల పుణ్యమా అని అమలు దగ్గర గొడవ తెగట్లేదు. మడి నీళ్లు రైతు చేతిలో ఉంటాయి, సరస్సు నీళ్లు అలా కాదు. సరస్సు గింజకు గిరాకీ ఉంటేనే ఆ నీళ్ల కోసం కొట్లాడే మనుషులు మిగులుతారు.

మాగాణి_రైతుబిడ్డ

నీళ్ల మాట నూటికి నూరుపాళ్లు నిజం అన్నా. కానీ పరిశోధనే వద్దంటే ఎలా? రేపు సరస్సులోనే తెగులు వస్తే మొక్క గురించి తెలిసినవాళ్లు కావాలి కదా.

రికార్డుల_గది

కావాలి తమ్ముడూ. కానీ ఏ ప్రశ్న మీద పరిశోధన చేయాలో, ఏ విత్తనం ముట్టుకోవచ్చో ఓజిబ్వేలతో కూర్చుని తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి. 1998 లేఖ ఆ అవసరం ఎప్పుడో చెప్పింది.