అప్‌డేట్: వీడియో చూస్తారు, అడిగితే చెప్పలేరు

ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. వీడియో వేస్తే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు, తర్వాత ప్రశ్న అడిగితే మాత్రం మౌనం, ఏం చేయాలని ఆమధ్య అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికంటే బాగా పనిచేసింది మధ్యలో ఆపడం. విద్యుత్ వలయాల వీడియోలో స్విచ్ వేసే ముందు పాజ్ చేసి, ఏ బల్బు వెలుగుతుందో, ఎందుకో నోట్సులో రాయమన్నాను. రాశాకే ప్లే. ఊహ తప్పినవాళ్లే ఎక్కువ ప్రశ్నలు వేశారు!

విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనల గురించి ఒకరు చెప్పారు కదా, నోటితో చెప్పేదాన్నే తెర మీద మళ్లీ అక్షరాలా పెడితే నేర్చుకోవడానికి అడ్డమని. స్లైడ్లలో పేరాలు తీసేసి బొమ్మ, రెండు మూడు పదాలు ఉంచాను. వినికిడి ఇబ్బంది ఉన్న పిల్లాడి కోసం వీడియోలకు సబ్‌టైటిల్స్ మాత్రం తీయలేదు. ఏ సూత్రమైనా తరగతిని చూసుకునే వాడాలి.

ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీదే సైన్సు ప్రయోగాలు చేసి చూసే ప్రోగ్రాములు (2002లో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి) ఉచితం. ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ పోయినా టెన్షన్ లేదు. కానీ ఊరికే వదిలేస్తే బ్యాటరీకి మంట పెట్టడమే ఆటైపోతుంది. "ఒక బల్బు తీసేసినా రెండోది వెలగాలి" అని పని ఇస్తే సమాంతర వలయం వాళ్లే కట్టేశారు.

వేగానికి మార్కులిచ్చే క్విజ్ యాప్ మానేశాను. నిదానంగా ఆలోచించేవాళ్లు వెనకబడుతున్నారు.

ఇంకా తేలనిది ఒకటే: ప్రొజెక్టర్ కోసం లైట్లు ఆపితే నోట్సు రాయలేకపోతున్నారు. ప్రస్తుతానికి తెర దగ్గరి లైట్లే ఆపుతున్నాం.