ఎక్కబోతే నిలవని గుర్రం

ప్రశ్న: రేసుల నుంచి రిటైరైన ఐదేళ్ల థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి) గుర్రాన్ని తెచ్చుకున్నాం. రికాబులో కాలు పెడితే చాలు, ముందుకు దూకుతోంది. కళ్లెం బిగిస్తే ఇంకా ఉరుకుతోంది. కొట్టి దారికి తెమ్మంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.

జవాబు 1: ముందు పశువైద్యుడికి చూపించండి. పళ్లు, వీపు, కడుపు. రేసు గుర్రాల్లో కడుపులో పుండ్లు చాలా మామూలు. జీను పట్టీ బిగించేటప్పుడు కరవబోతోందా? అది ఆ నొప్పికి గుర్తు కావచ్చు.

జవాబు 2: కొట్టొద్దండీ, దయచేసి. అది మొండితనం కాదు, నేర్పిందే చేస్తోంది. రేసు లాయాల్లో గుర్రం నడుస్తుండగానే జాకీని కాలు పట్టి ఎక్కించేస్తారు. నిలబడాలని దానికెవరు చెప్పారు? పగ్గం బిగువు తగిలితే దానికి ఆనుకుని పరుగెత్తడమే అలవాటు. కొన్నాళ్లు ఎక్కకండి. ఎక్కడానికి వాడే ఎత్తుపీట పక్కన నిలబెట్టి జీను మీద చేత్తో తట్టండి. కదిలితే తిట్టకుండా మళ్లీ అదే చోటికి తీసుకురండి. మెడ దించి, పొడుగ్గా ఊపిరి వదిలిందా, ఆ క్షణంలోనే పగ్గం వదులు చేసి పక్కకు జరగండి. అదే దానికి బహుమతి. కాస్త ఆలస్యమైనా దేనికిచ్చారో దానికి అర్థం కాదు. దాణాలో గింజలు కూడా మెల్లగా తగ్గించి గడ్డి పెంచండి.

ప్రశ్న అడిగినవారు: పట్టీ బిగిస్తే చెవులు వెనక్కి వాల్చి కరవబోతోంది, నిజమే. రేపే డాక్టర్‌ను పిలుస్తాను.