అప్‌డేట్: అమ్మానాన్నల పెళ్లిరోజుకి బీచ్ రోడ్‌లో డిన్నర్

పోయిన వారం అడిగాను కదా, అమ్మానాన్నల 40వ పెళ్లిరోజుకి వైజాగ్‌లో సముద్రం చూస్తూ తినే చోటు ఏదని, నాన్నకి సరిగా వినపడదు కాబట్టి గోల ఉండకూడదని. నిన్న వెళ్లొచ్చాం.

మన సముద్రం తూర్పున కాబట్టి సూర్యాస్తమయం ఆశ వదిలేసి, పౌర్ణమి మర్నాడు చూసుకుని ఆర్కే బీచ్ దగ్గర ఒక మేడ మీద టేబుల్ చెప్పాను. ముందు ఏసీ హాల్లో కూర్చోబెట్టారు. అద్దం గోడ, గ్రానైట్ నేల, నున్నటి సీలింగ్, ఒక్క కర్టెన్ కూడా లేదు, స్పూను పెట్టిన చప్పుడు కూడా హాలంతా మోగుతోంది, నాన్నకి ఒక్క మాటా అందలేదు. పైగా చీకటి పడేసరికి అద్దంలో లోపలి లైట్లే తప్ప సముద్రం కనిపించదు!

బయట వరండాలోకి మార్చమంటే వెంటనే మార్చారు. అక్కడ పెంకుల కప్పు, చెక్క బల్లలు, దీపాలన్నీ మోకాలెత్తులోనే, అందుకే అలల తెల్లటి నురుగు కూడా స్పష్టంగా కనిపించింది. ఉప్పుగాలికి రెయిలింగ్ పెయింట్ పొక్కులు లేచింది, అమ్మ చెయ్యి వేస్తే వేళ్లకి జిగురుగా అంటుకుంది. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా, ఎదురుగా నీళ్లలోంచి ఎర్రటి చంద్రుడు. పౌర్ణమి నాడైతే వెలుతురు ఉండగానే వచ్చేస్తాడు, మర్నాడే మేలు.

వంజరం వేపుడు బాగుంది. నాన్న రెండు గంటలు కబుర్లు చెప్పారు, మమ్మల్ని ఒక్కసారి కూడా "ఏంటి?" అని అడగలేదు. వెళ్లేవాళ్లు ఫోన్‌లోనే వరండా అని చెప్పండి, పెద్దవాళ్లుంటే శాలువా పట్టుకెళ్లండి. దారి చూపించిన అందరికీ చాలా థ్యాంక్స్.