మన నగరంలో మీకు ఎదురైన, తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వచ్చే సంఘటనలు ఏమిటి?

ప్రశ్న: హన్మకొండలో అద్దెకున్న భూపాలపల్లి వాసి

నేను భూపాలపల్లి దగ్గరి పల్లెలో పెరిగి, ఉద్యోగం కోసం 2019లో హన్మకొండకు వచ్చాను. పట్నంలో గోడకు ఆ పక్క ఎవరున్నారో ఈ పక్కవాళ్లకు తెలియదని, ఎవరి పని వాళ్లదేనని మా ఊరి పెద్దలు చెప్పి పంపించారు. హన్మకొండ, వరంగల్, కాజీపేట కలిసిపోయిన ఈ నగరంలో నాకు ఎదురైనవన్నీ దానికి విరుద్ధంగానే ఉన్నాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. పోయిన వేసవిలో ఆవిరి నిలవని ప్రెషర్ కుక్కర్‌ను బాగు చేయించడానికి ఒళ్లో పెట్టుకుని హన్మకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న అవ్వ నన్ను ఒక్క మాట కూడా అడగకుండా కుక్కర్ తన ఒళ్లోకి తీసుకుని, మూత తీసి, వెలుతురుకు పెట్టి చూసి, "వాచర్‌ది కాదు బిడ్డా, మూతనే వంగింది" అని తేల్చి చెప్పింది. ఎదురుగా ఉన్న కాలేజీ కుర్రాడు విజిల్ రంధ్రంలో మెతుకు అడ్డం పడి ఉంటుందని వాదించాడు. డ్రైవర్ పక్కన కూర్చున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, పిడి బిగించి చూడమన్నాడు. ఎంజీఎం ఆసుపత్రి దాటాక డ్రైవర్ ఆటోను పక్కకు తీసి, "నాకెరుకైన దుకాణమున్నది, పాంచ్ మినిట్ల పని" అని కుక్కర్ పట్టుకుని నాకంటే ముందే దిగాడు. మిగిలిన ముగ్గురూ ఆలస్యమవుతోందని విసుక్కోకపోగా, ఎవరి మాట నిజమవుతుందో చూడటానికి దుకాణం దాకా నడిచి వచ్చారు. చివరికి పాడైనది వాచరే. డ్రైవర్ నా తరఫున బేరమాడి ధర తగ్గించాడు. అవ్వ మాత్రం స్టేషన్ దగ్గర దిగేవరకూ మూత వంగిందనే అన్నది.

మీకు ఇలాంటివి జరిగి ఉంటే వివరంగా రాయమని కోరుతున్నాను. ఎవరినో ఎగతాళి చేసే కథలు కాకుండా, అందరూ కలిసి నవ్వుకోగలిగినవి రాస్తే సంతోషిస్తాను.


జవాబు 1: ములుగు రోడ్డు నివాసి

నాది 2024 ఫిబ్రవరి నాటి సంగతి. ఆ నెల 21 నుంచి 24 వరకు మేడారం సమ్మక్క సారలమ్మ జాతర జరిగింది. రెండేళ్లకొకసారి వచ్చే ఆ జాతరకు ముందు మా వైపు కిరాణా దుకాణాల ముందు బెల్లం ముద్దలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సమానమైన బెల్లాన్ని తల్లులకు సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని మనం బెల్లం అనము, బంగారం అంటాము. ఇది మనకు ఎంత సహజమైపోయిందంటే, బయటివాళ్లకు ఆ మాట ఎలా వినిపిస్తుందో నేను అంతవరకూ ఆలోచించనే లేదు.

మా పై అంతస్తులో అనంతపురం నుంచి బదిలీపై వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి ఉంటారు. బంగారం తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే విభాగంలో పని చేస్తారు కనుక ప్రతి మిల్లీగ్రామునూ సరిచూసుకునే మనిషి. ఆయనా నేనూ కందిపప్పు కోసం దుకాణానికి వెళ్లినప్పుడు, ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, "అన్నా, పిలగానికి నిలువెత్తు బంగారం జోకాలె, కిలో ఎంతకిస్తున్నవ్?" అని అడిగింది. దుకాణదారు లెక్కపుస్తకంలోంచి తల ఎత్తకుండానే ధర చెప్పి, పిల్లవాణ్ణి కాంటా ఎక్కించి, "ఇరవై రెండు కిలోలున్నడు, మూటగట్టు" అని పనివాడికి పురమాయించాడు. ఆ తల్లి పోయినసారి బంగారం కొంచెం నల్లగా ఉందని, ఈసారి మంచిది ఇమ్మని అన్నది.

మా మిత్రుడు నా మోచేయి పట్టుకుని గొంతు తగ్గించి, "ఏమండీ, ఇరవై రెండు కిలోలు గోనెసంచిలో కడుతున్నారు, ఇక్కడ కాపలా మనిషి కూడా లేడే!" అన్నారు. ఆ కళ్లలో నిజమైన భయం కనిపించింది. నేను నవ్వాపుకోలేక విషయం చెబితే, దుకాణదారుతో సహా అక్కడున్నవాళ్లంతా నవ్వారు, ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు. మరునాడు సాయంత్రం ఆయనే వెళ్లి కాంటా ఎక్కి డెబ్భై నాలుగు కిలోల బంగారం జోకించుకుని, మా కుటుంబంతో పాటు మేడారం వచ్చారు. ఇంటికి ఫోన్ చేసి "డెబ్భై నాలుగు కిలోల బంగారం కొన్నాను" అని చెప్పినప్పుడు అవతలి నుంచి వచ్చిన కేక ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నా మాకు వినిపించింది.


జవాబు 2: కాజీపేట రైల్వే కుటుంబం

సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే బండి ముందు కాజీపేటలో ఆగి, సుమారు పది కిలోమీటర్ల తరువాత వరంగల్ చేరుతుంది. హన్మకొండకు పోవలసినవాళ్లు ఎక్కడ దిగాలన్నది ప్రతి పెట్టెలోనూ తేలని చర్చే. మా నాన్నగారు రైల్వేలో పని చేశారు కనుక ఈ చర్చ నేను చిన్నప్పటినుంచి వింటున్నాను.

ఒకసారి ఒక యువకుడు తోటి ప్రయాణికులను, "సుబేదారిలో మా అత్తమ్మ ఇంటికి పోవాలి, ఎక్కడ దిగను?" అని అడిగాడు. పెట్టె రెండుగా చీలిపోయింది. కాజీపేట దగ్గరని కొందరు, వరంగల్‌లో దిగితే ఆటోలు బాగా దొరుకుతాయని కొందరు పట్టుబట్టారు. ఒకాయన ఆ అబ్బాయి ఫోన్ తీసుకుని నేరుగా అత్తమ్మనే అడిగాడు, ఆమె మామయ్యను అడిగి చెబుతానన్నది. ఈలోగా బండి కాజీపేటలో ఆగింది. కాజీపేట పక్షానికి చెందిన ఒక పెద్దాయన ఇంకేమీ ఆలోచించకుండా అబ్బాయి పెట్టె తీసుకుని, "రా తమ్మీ" అంటూ దిగిపోయాడు. వరంగల్ పక్షంవాళ్లు అబ్బాయిని భుజం పట్టి కూర్చోబెట్టారు. బండి కదిలింది. సామాను కాజీపేటలో, మనిషి వరంగల్ దారిలో!

నేను ఆ పెద్దాయనతో పాటే దిగాను కాబట్టి తరువాతి భాగం కూడా చూశాను. ఆయన ప్లాట్‌ఫాం మీదే నిలబడి, అబ్బాయి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు చెవిన పడిన గుర్తులను నెమరువేసుకుని, ఆ వీధి తన ఇంటికి రెండు సందుల అవతలే అని గ్రహించారు. నన్ను కూడా అదే ఆటోలో ఎక్కించుకుని నేరుగా ఆ ఇంటికి వెళ్లారు. అబ్బాయి వరంగల్‌లో దిగి కంగారుగా ఇల్లు చేరేసరికి పెద్దాయన అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ ఉన్నారు, సక్కినాల పళ్లెం సగం ఖాళీ అయింది. ఆ అబ్బాయిని చూడగానే ఆయన అన్న మొదటి మాట: "నేను చెప్పలే? కాజీపేటనే దగ్గర."


జవాబు 3: అద్దె ఇళ్లు చాలా మార్చిన నర్సు

పై సంఘటనలన్నీ చదివి హాయిగా నవ్వుకున్నాను. అయితే పక్కవాళ్ల చొరవ ప్రతిసారీ నవ్వు తెప్పించదని కూడా చెప్పాలి. ఒంటరిగా ఉండే స్త్రీ ఇల్లు వెతుక్కునేటప్పుడు కులం మొదలుకుని రాత్రి డ్యూటీ దాకా ఎదురయ్యే ప్రశ్నలు ఆప్యాయతతో అడిగేవి కావు. వాటినీ వీటినీ ఒకే గాటన కట్టవద్దు.

నాకు నచ్చిన జ్ఞాపకం బతుకమ్మ రోజుల్లోది. మా భవనంలో మూడంతస్తుల ఆడవాళ్లం ఉన్నాము. బజారులో గునుగు, తంగేడు కొనుక్కోవచ్చు గానీ, స్వయంగా తెంపిన పువ్వుతో పేర్చిన బతుకమ్మకు ఉండే నిండుదనం వేరు. సద్దుల బతుకమ్మ ముందురోజు గునుగు ఎక్కడ దొరుకుతుందని మొదటి అంతస్తు వదినను అడిగితే, "ఈ పట్నంల గునుగేడిది చెల్లె!" అని నిట్టూర్చారు. రెండో అంతస్తు అక్క కూడా అదే అన్నారు. నిజానికి వడ్డేపల్లి వైపు ఒక ఖాళీ జాగాలో తెల్లగా విరగబూసిన గునుగును నేను రాత్రి డ్యూటీ నుంచి వస్తూ చూసి పెట్టుకున్నాను, వాళ్లకు చెప్పలేదు.

మరునాడు చీకటితోనే సంచి పట్టుకుని వెళ్లాను. మంచులో మొక్కల మధ్య ఎవరో వంగి ఉన్నట్టు కనిపించి గుండె ఆగినంత పని అయింది. తీరా చూస్తే వదిన. ఆమె నన్ను చూసి కెవ్వున అరిచిన అరుపుకు, అవతలి గట్టు పక్క నుంచి ఒడి నిండా గునుగుతో అక్క లేచి నిలబడింది. ముగ్గురమూ కాసేపు ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాము. తరువాత తెంపిన పూలన్నీ ఒకే చోట కుప్ప పోసి, మా మెట్ల దగ్గర ముగ్గురమూ కలిసి ఒకే పెద్ద బతుకమ్మను పేర్చాము. అది గుమ్మంలోంచి నిలువుగా బయటకు రాకపోతే ఇంటాయన ఒక తలుపు రెక్కను ఊడదీయించారు.


జవాబు 4: హైదరాబాదులో ఉంటున్న కరీంనగర్ అమ్మాయి

మా వైపు తండ్రిని బాపు అంటాము, వయసులో పెద్దవారిని కూడా ప్రేమగా అలాగే పిలుస్తాము. మా ఆఫీసు కాపలా తాతను నేను రోజూ "బాపూ, తిన్నవా?" అని పలకరించేదాన్ని. విశాఖపట్నం నుంచి వచ్చిన నా సహోద్యోగిని అది విని, ఆయన మా నాన్నగారే అనుకుని, తన పెళ్లి శుభలేఖను పసుపు కుంకుమలతో ఆయనకు అందించి కాళ్లకు నమస్కరించింది. సంగతి తెలిశాక కూడా ఆమె పిలుపు వెనక్కి తీసుకోలేదు. ఆయన కొత్త ధోవతి కట్టుకుని ఆ పెళ్లికి వెళ్లి, నా తరఫు పెద్దగా ముందు వరుసలో కూర్చున్నారు.


ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నర్సు గారు చెప్పిన తేడా సరైనదే. నేను మగవాణ్ణి కావడం వల్ల ఇల్లు వెతికేటప్పుడు ఆ ప్రశ్నల్లో సగం కూడా నన్ను ఎవరూ అడగలేదని ఇప్పుడు గుర్తుకు వస్తోంది. కాజీపేట కథ చదివాక మా ఇంట్లో కూడా ఎక్కడ దిగాలన్న వాదన మొదలైంది, ఇంకా ముగియలేదు. ఆటో డ్రైవర్ నిన్న చౌరస్తాలో కనిపించి, నేను ఎక్కకముందే కుక్కర్ ఎలా ఉందని అడిగాడు.